బాండ్ చేతిలో ఉంటే టిక్కీలు ఇంటికెందుకు: రిమోట్ క్యాష్‌తో నా అనుభవం

2021 వానాకాలమంతా నేను గుంటూరు దగ్గర ప్రత్తిపాడులో మా ఇంట్లోనే ఉండి పనిచేశాను. ఆఫీసు హైదరాబాదులో. సీ ప్లస్ ప్లస్, జావా కలిసిన ఒక పెద్ద కోడ్‌బేస్‌కి బిల్డ్ వ్యవస్థ, అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసే ఏర్పాటు, చూసుకోవడం మా టీమ్ పని. దానికి మేము వాడేది బేజెల్. గూగుల్ లోపల బ్లేజ్ అనే పేరుతో నడిచిన టూల్‌నే 2015లో బేజెల్‌గా ఓపెన్ సోర్స్ చేశారు. ఎవరో ఒకరు ఒకసారి కంపైల్ చేసిన (మెషీన్ నడపగలిగే రూపంలోకి మార్చిన) ఫైల్ రిమోట్ క్యాష్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా ఒక సర్వర్‌లో ఉండే నిల్వలో ఉంటే, మిగతావాళ్లెవరూ దాన్ని మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు. మేము బేజెల్‌కి మారింది ముఖ్యంగా దీనికోసమే.

ఆఫీసులో ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ కనిపించలేదు. క్యాష్ సర్వర్ మా బిల్డింగ్‌లోనే, సర్వర్ రూమ్‌లో ఉండేది. ఇంటికొచ్చి వీపీఎన్ (ఇంటర్నెట్ ద్వారా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేరే దారి) మీద పనిచేయడం మొదలుపెట్టాకే కథ మారింది. పొద్దున కొత్త కోడ్ తెచ్చుకుని బిల్డ్ పెడితే గంట పట్టేది. ఒకరోజు పట్టుబట్టి క్యాష్ పూర్తిగా ఆపేసి, అంతా నా ల్యాప్‌టాప్‌లోనే మొదటినుంచి కంపైల్ చేయించాను. గంటా పది నిమిషాలు పట్టింది. ఇంత ఏర్పాటు చేసి మేము మిగిల్చుకుంటున్నది పది నిమిషాలేనని అర్థమై ఆరోజు చాలా బాధేసింది.

అదే వారంలో సిద్దిపేట నుంచి పనిచేస్తున్న మా టీమ్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పొద్దుగాల పెట్టిన బిల్డ్, ఇంక దిగుతనే ఉన్నది. నేను క్యాష్ బంద్ చేసి చేస్కుంట" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ "దిగుతనే ఉన్నది" అన్న మాట నన్ను వదల్లేదు. కంపైల్ అవుతోంది అనలేదు, దిగుతోంది అన్నాడు. అసలు ఏం దిగుతోంది? ఎందుకు దిగుతోంది?

బేజెల్ ప్రతి బిల్డ్‌కీ ఒక ప్రొఫైల్ ఫైల్ రాసి పెడుతుంది. దాన్ని క్రోమ్ బ్రౌజర్‌లోని ట్రేసింగ్ పేజీలో తెరిస్తే ఏ పని ఎంతసేపు పట్టిందో అడ్డపట్టీల్లా కనిపిస్తుంది. నా బిల్డ్ తెరిచి చూస్తే కంపైల్ పట్టీలు దాదాపు లేవు. పొడవాటి పట్టీలన్నిటి మీదా ఒకటే పేరు: రిమోట్ ఔట్‌పుట్ డౌన్‌లోడ్. బిల్డ్ చివర వచ్చే లెక్క కూడా అదే చెప్పింది. దాదాపు అన్నీ రిమోట్ క్యాష్ హిట్లే, అంటే క్యాష్‌లో దొరికినవే. అంటే క్యాష్ తన పని తాను చక్కగా చేస్తోంది. గంట గడుస్తున్నది దొరికిన వాటిని ఇంటికి మోసుకురావడంలో.

ఎంత మోస్తున్నామో లెక్కేశాను. బిల్డ్ అయ్యాక ఔట్‌పుట్ ఫోల్డర్ సుమారు 11 జీబీ ఉంది. వీపీఎన్ మీద నాకు వచ్చే వేగం 25 ఎంబీపీఎస్. 11 జీబీ అంటే 88 వేల మెగాబిట్లు. 25తో భాగిస్తే 3,520 సెకన్లు. సరిగ్గా ఆ గంటే. ఆఫీసులో 1 జీబీపీఎస్ నెట్‌వర్క్ మీద ఇదే భారం నిమిషన్నరలో దిగిపోయేది కాబట్టి మా ఎవరి కళ్లా పడలేదు.

ఇక ఆ 11 జీబీలో ఏముందో చూశాను. 7 జీబీ పైగా టెస్ట్ బైనరీలే, అంటే కోడ్‌ని పరీక్షించే ప్రోగ్రాములే. మా టెస్టులన్నీ స్టాటిక్‌గా లింక్ అయ్యేవి, అందుకని ఒక్కో టెస్ట్‌లోనూ అవే లైబ్రరీలు మళ్లీ మళ్లీ వచ్చి కూర్చునేవి. ఒక్కోటి 40 ఎంబీ దాకా, అలాంటివి 180. అవి ఎవరికి కావాలి? టెస్ట్ ఫలితం కూడా క్యాష్‌లోనే ఉంది, పాసైందని ఇంతకుముందే తెలుసు, కాబట్టి ఆ బైనరీని నా ల్యాప్‌టాప్‌లో నడిపేవాళ్లే లేరు. మిగతాదంతా బిల్డ్ మధ్యలో పుట్టే ఆబ్జెక్ట్ ఫైళ్లు, ఆర్కైవ్‌లు, జార్‌లు. నేను చేతితో ముట్టుకునేది చివర వచ్చే ఒక్క సర్వర్ బైనరీని మాత్రమే.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. మిర్చి కోతలయ్యాక రేటు లేకపోతే నాన్న టిక్కీలను (మిర్చి బస్తాలను) గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టి బాండ్, అంటే సరుకు అక్కడ ఉందని వాళ్లిచ్చే కాగితం, తెచ్చుకుంటారు. బ్యాంకు అప్పు ఇచ్చేది ఆ బాండ్ చూసే. వ్యాపారితో బేరం కుదిరితే చేతులు మారేది ఆ బాండే. బేరం మాట్లాడుకోవడం కోసం టిక్కీలను లారీకెత్తించి ప్రత్తిపాడు తెచ్చి, మళ్లీ గుంటూరు తీసుకెళ్లే రైతు ఎక్కడా ఉండడు. మా బిల్డ్ రోజూ చేస్తున్నది అదే. నాన్నకి ఈ సంగతి చెబితే, "మరి బాండ్ మీద పని జరగదా అమ్మా మీకు?" అని అడిగారు. జరుగుతుంది. బేజెల్ నిర్మాణం చూస్తే అది అందుకే తయారైందనిపిస్తుంది.

క్యాష్ సర్వర్‌లో రెండు అరలుంటాయి. ఒకదాంట్లో ఫైళ్లుంటాయి. అక్కడ ఫైల్‌ని పేరుతో వెతకరు. దాని లోపలి విషయం నుంచి లెక్కగట్టిన షా-256 డైజెస్టే దాని చిరునామా, 64 అక్షరాల వరుస. రెండో అరను యాక్షన్ క్యాష్ అంటారు. యాక్షన్ అంటే ఒక పని, ఒక ఫైల్‌ని కంపైల్ చేయడమో, ఒక బైనరీని లింక్ చేయడమో. ఆ పనికి వాడే కమాండ్, ఎన్విరాన్‌మెంట్, ఇన్‌పుట్ ఫైళ్ల డైజెస్టులు అన్నీ కలిపి ఒక కీ లెక్కగడతారు. ఆ కీతో అడిగితే సర్వర్ ఒక చిన్న సమాధానం ఇస్తుంది: ఈ పని ఇదివరకే జరిగింది, దాని ఔట్‌పుట్ ఫైళ్ల డైజెస్టులు ఇవి, సైజులు ఇవి. అదే మన బాండ్.

తర్వాతి పనికి కీ లెక్కగట్టాలంటే ఏం కావాలి? ముందు పని ఔట్‌పుట్ డైజెస్ట్ ఉంటే చాలు, ఆ ఫైల్ అక్కర్లేదు. ఆబ్జెక్ట్ ఫైల్ డైజెస్టులతో లైబ్రరీ కీ, లైబ్రరీ డైజెస్ట్‌తో బైనరీ కీ. ఇలా కింది నుంచి పై దాకా అన్నీ హిట్ అయితే మధ్యలో ఒక్క బైట్ కూడా దించుకోనక్కర్లేదు. ఎక్కడో ఒకచోట క్యాష్‌లో లేకపోతే, ఆ పనిని మన మెషీన్‌లో చేయాలి కాబట్టి దానికి కావలసిన ఇన్‌పుట్లు మాత్రం అప్పుడు తెచ్చుకుంటే సరిపోతుంది. బేజెల్ వాళ్లు దీనికి పెట్టిన పేరు "బిల్డ్ వితౌట్ ద బైట్స్". 2019 నుంచే దీనికి ఫ్లాగ్, అంటే కమాండ్‌తో ఇచ్చే సెట్టింగ్, ఉంది. మేము వాడుతున్న 4వ వెర్షన్‌లో కూడా ఉంది. డిఫాల్ట్‌గా మాత్రం అన్నీ దించుకోమనే ఉండేది. మాలో ఎవరమూ దాన్ని మార్చలేదు.

రిమోట్ డౌన్‌లోడ్ మినిమల్ ఫ్లాగ్ పెట్టి బిల్డ్ నడిపాను. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నెట్‌వర్క్ మీటర్ చూస్తే దిగింది 300 ఎంబీ లోపే. నమ్మకం కుదరక మళ్లీ క్లీన్ చేసి నడిపాను. మళ్లీ నాలుగు నిమిషాలే.

ఆ ఆనందం మర్నాటి దాకా ఉంది. టీమ్ అందరి కాన్ఫిగ్‌లోనూ ఆ లైన్ పెట్టేసరికి ఫోన్లు మొదలయ్యాయి.

మొదట వచ్చింది అందరూ ఊహించగలిగేదే. బిల్డ్ పాసైంది, కానీ బేజెల్ బిన్ ఫోల్డర్‌లో బైనరీ లేదు. మినిమల్ అంటే చివరి ఫైల్‌ని కూడా దించదు. టెస్టింగ్ టీమ్ స్క్రిప్ట్ ఆ ఫోల్డర్‌లోంచి బైనరీని కాపీ చేసుకునేది, అది ఆగిపోయింది. దానికి టాప్‌లెవెల్ అనే మధ్యే మార్గం ఉంది. మనం కమాండ్‌లో పేరు పెట్టి అడిగిన టార్గెట్ ఫైళ్లను మాత్రమే దించుతుంది. కానీ మినిమల్‌తో ఒకసారి బిల్డ్ అయినచోట ఊరికే టాప్‌లెవెల్‌కి మారిస్తే, అప్పటి వెర్షన్‌లో ఫైల్ దిగేది కాదు. పని అంతా అయిపోయిందని బేజెల్ అనుకునేది. క్లీన్ చేశాకే దిగింది. ఇది తెలుసుకోవడానికి నాకు సగం రోజు పట్టింది.

తర్వాత సీఐ, అంటే అందరూ పంపిన మార్పులను తనంతట బిల్డ్ చేసి పరీక్షించే వ్యవస్థ. టెస్టులన్నీ పాసైనా రిపోర్టులో సున్నా టెస్టులు అని చూపిస్తోంది. మా రిపోర్టింగ్ టూల్ ప్రతి టెస్ట్ పక్కనా ఉండే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ చదువుతుంది. మినిమల్‌లో ఆ ఫైల్ కూడా దిగదు. సీఐని టాప్‌లెవెల్‌కి మార్చాం. టెస్ట్ కమాండ్‌కి టాప్‌లెవెల్ పెడితే టెస్ట్ లాగ్, ఎక్స్‌ఎంఎల్ లాంటి ఫలితాలు దిగుతాయి, టెస్ట్ బైనరీలు మాత్రం దిగవు. ఆ 7 జీబీ మళ్లీ రాలేదు. ఇంత ఆలోచించి చేసినందుకు ఆ ఫీచర్ రాసినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

జావా వాళ్ల బాధ వేరు. ప్రోటోబఫ్ (డేటా ఆకృతిని వర్ణించే ఫైళ్లు) నుంచి పుట్టే జావా ఫైళ్లు మధ్యలో వచ్చేవి, టాప్‌లెవెల్ కావు. అవి డిస్క్ మీద లేకపోవడంతో వాళ్ల ఐడీఈ (కోడ్ రాసుకునే ఎడిటర్) అంతా ఎర్రగీతలే. అప్పటికి మేము చేసింది, ఆ ప్రోటో టార్గెట్లను మాత్రం పేరుపెట్టి బిల్డ్ చేసే ఒక చిన్న కమాండ్ రాసి అందరికీ ఇవ్వడం. పేర్లు ఒక నమూనాకి సరిపోయే ఫైళ్లను మాత్రం తప్పకుండా దించమని చెప్పే రెజెక్స్ ఫ్లాగ్ తర్వాతి వెర్షన్లలో వచ్చింది. అది వచ్చాక ఆ కమాండ్‌ని సంతోషంగా తీసేశాం.

ఇవన్నీ ఒకెత్తు. అసలు టెన్షన్ పెట్టింది పొద్దుటి ఎర్రర్.

వారంలో రెండుమూడుసార్లు, ఎవరో ఒకరికి, పొద్దున మొదటి బిల్డ్ మధ్యలో ఆగిపోయేది. ఫలానా డైజెస్ట్ ఉన్న ఫైల్ రిమోట్‌లో లేదని ఎర్రర్. కోడ్ తప్పు కాదు, ముందురోజు సాయంత్రం అదే కోడ్ బిల్డ్ అయింది. బేజెల్‌ని షట్‌డౌన్ చేసి మళ్లీ నడిపితే పోతుంది. ఇలాంటి ఎర్రర్లు చాలా చేటు చేస్తాయి. రెండుసార్లు వస్తే మనిషి ఆ ఫ్లాగ్ తీసేస్తాడు, మళ్లీ 11 జీబీ దించుకుంటాడు. సిద్దిపేట తమ్ముడు అప్పటికే తీసేశాడు.

క్యాష్ సర్వర్ లాగ్‌లతో మూడు రోజులు కూర్చున్నాను. మా సర్వర్‌కి డిస్క్ పరిమితి ఉంది. నిండిపోతే చాలాకాలంగా ఎవరూ ముట్టుకోని ఫైళ్లను ముందు తీసేస్తుంది. ఏ క్యాష్ అయినా చేసేదే, అందులో తప్పు లేదు. బేజెల్ కూడా తప్పు చేయలేదు. అది మన మెషీన్‌లో ఒక సర్వర్‌లా వెనక నడుస్తూ, చేసిన పనుల డైజెస్టులను మెమరీలో పెట్టుకుంటుంది. ఆ మెమరీలో ఉన్నంతకాలం క్యాష్ సర్వర్‌ని మళ్లీ అడగదు, అడగాల్సిన పనే లేదు కాబట్టి. కథ సరిగ్గా ఇక్కడే అడ్డం తిరిగింది. మేము ఒక ఫైల్ మీద రోజంతా ఆధారపడుతున్నాం, కానీ దాన్ని ఒక్కసారి కూడా అడగడం లేదు. అడగడం లేదు కాబట్టి అది ఎవరికీ అక్కర్లేనిదని సర్వర్ అనుకుంటోంది. రాత్రి సీఐ బిల్డులు వచ్చి డిస్క్ నింపుతాయి, ఆ ఫైల్ పోతుంది. పొద్దున ఎవరో ఒక లైన్ మార్చి బిల్డ్ పెడితే, కొత్త పని లోకల్‌గా చేయడానికి ఆ ఫైల్ కావాల్సి వస్తుంది. బాండ్ చేతిలోనే ఉంది, గోడౌన్‌లో సరుకు లేదు.

ఇంకో కారణం మా చేతులారా తెచ్చుకున్నది. బేజెల్ వెనక సర్వర్ మూడు గంటలు ఖాళీగా ఉంటే దానంతటదే ఆగిపోతుంది. దాంతో పొద్దున ప్యాకేజీలన్నీ మళ్లీ చదవాల్సి వస్తోందని మేము ఆ గడువు తీసేశాం. ఆ గడువు ఉండి ఉంటే రాత్రికి మెమరీ ఖాళీ అయ్యేది, పొద్దున బేజెల్ క్యాష్‌ని కొత్తగా అడిగేది, పోయిన ఫైల్ సంగతి అప్పుడే తెలిసేది. దేనికోసమో పెట్టిన ఒక సెట్టింగ్ ఇంకెక్కడో ఇలా మెడకు చుట్టుకుంటుందని నాకు తట్టలేదు.

ఆ గడువును తిరిగి పెట్టాం. సర్వర్ డిస్క్ పెంచమని అడిగాను. ఎందుకు పెంచాలో చెప్పడమే కష్టమైంది. డౌన్‌లోడ్లు తగ్గాయి కదా, సర్వర్ మీద భారం తగ్గింది కదా, డిస్క్ ఎందుకు అని మేనేజర్‌ గారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఇదివరకు ఒక ఫైల్‌కి ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఒక కాపీ ఉండేది సార్, ఇప్పుడు అందరికీ కలిపి ఆ సర్వర్‌లోదే కాపీ, అది పోతే అందరి పనీ ఆగుతుంది అని చెప్పాను. రెండు వారాల్లో కొత్త డిస్క్ వచ్చింది. పొద్దుటి ఎర్రర్లు తగ్గిపోయాయి.

కొత్త వెర్షన్లు ఈ విషయంలో చాలా మెరుగయ్యాయి. డైజెస్ట్ చూసి ఎంతసేపు నమ్మొచ్చో చెప్పే ఒక గడువు సెట్టింగ్ వచ్చింది, దాని డిఫాల్ట్ మూడు గంటలు. బిల్డ్ నడుస్తున్నంతసేపు సర్వర్‌ని మధ్యమధ్యలో పలకరించి, ఈ ఫైళ్లు మాకు కావాలి, తీసేయొద్దు అని చెప్పే ఏర్పాటు వచ్చింది. అయినా ఫైల్ పోతే బిల్డ్‌ని తానే మళ్లీ మొదలుపెట్టే వీలు కూడా వచ్చింది. మేము మూడు రోజులు లాగ్‌లు తవ్వి తెలుసుకున్నది ఇప్పుడు ఫ్లాగుల్లో దొరుకుతోంది.

ఇంత చేశాక కూడా కొందరి బిల్డుల్లో డౌన్‌లోడ్లు ఉన్నట్టుండి 3 జీబీ దాకా పెరిగేవి. ఒక స్కీమా ఫైల్‌లో కామెంట్ మాత్రమే మార్చినా పెరిగేవి. రెండు బిల్డుల ఎగ్జిక్యూషన్ లాగ్‌లు (ఏ పనికి ఏ ఇన్‌పుట్లు వాడిందో బేజెల్ రాసిపెట్టే చిట్టా) తీసి పక్కపక్కన పెట్టి పోల్చాను. ఆ స్కీమా చదివి కోడ్ తయారుచేసే మా జనరేటర్ ఒకటి తాను పుట్టించే హెడ్డర్ ఫైల్ పైన ఆనాటి తేదీ, సమయం రాస్తోంది! కామెంట్ మారితే జనరేటర్ మళ్లీ నడుస్తుంది, అది సహజం. మామూలుగా అయితే పుట్టే హెడ్డర్ ముందులాగే ఉంటుంది, డైజెస్ట్ మారదు, పైన ఉన్న పనులన్నీ హిట్ అవుతాయి. కానీ ఆ ఒక్క తేదీ లైన్ వల్ల డైజెస్ట్ మారిపోయి, ఆ హెడ్డర్ వాడే వందల ఫైళ్లు క్యాష్‌లో దొరక్కుండా పోతున్నాయి. అవన్నీ ల్యాప్‌టాప్‌లోనే కంపైల్, వాటికి కావలసిన ఇన్‌పుట్లన్నీ దించుకోవడం. ఆ తేదీ లైన్ తీసేసిన మార్పు నేను చేసినవాటిలో అతి చిన్నది. దానికి వచ్చిన ఫలితం మాత్రం మినిమల్ ఫ్లాగ్ తర్వాత అంత పెద్దది. అందుకే ఎవరైనా డౌన్‌లోడ్లు తగ్గించాలని అడిగితే ముందు ఎగ్జిక్యూషన్ లాగ్‌లు పోల్చి చూడమనే చెబుతాను. ఫ్లాగ్ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

బ్రాంచ్‌లు (ఒకే కోడ్‌కి పక్కపక్కన నడిచే వేర్వేరు రూపాలు) మార్చేవాళ్లకి ఇంకో సమస్య. రెండు బ్రాంచ్‌ల బైనరీ ఒకే చోట పడుతుంది కాబట్టి, అటు ఇటు మారినప్పుడల్లా 200 ఎంబీ బైనరీ మళ్లీ మళ్లీ దిగేది. దానికి డిస్క్ క్యాష్ పెట్టాం. ఒకసారి దిగింది ల్యాప్‌టాప్‌లోనే డైజెస్ట్ పేరుతో ఉంటుంది, రెండోసారి అక్కడినుంచే వస్తుంది. అప్పట్లో డిస్క్ క్యాష్‌ని బేజెల్ తనంతట శుభ్రం చేసేది కాదు, పెరుగుతూనే ఉండేది. పాత ఫైళ్లు తీసేసే స్క్రిప్ట్ ఒకటి పెట్టుకున్నాం. అలాగే ల్యాప్‌టాప్‌ల నుంచి క్యాష్‌లోకి అప్‌లోడ్ ఆపేశాం, సీఐ ఒక్కటే రాస్తుంది. ఇంటి నెట్ మీద అప్‌లోడ్ వేగం ఎలాగూ తక్కువ. అంతకంటే ముఖ్యం, ఎవరి ల్యాప్‌టాప్‌లోనో తేడాగా తయారైన ఫైల్ అందరికీ వెళ్లకూడదు.

2023 డిసెంబరులో బేజెల్ 7 వచ్చింది. అందులో టాప్‌లెవెల్ డిఫాల్ట్ అయింది. అప్‌గ్రేడ్ చేసిన రోజు మా కాన్ఫిగ్‌లోంచి ఆ లైన్ తీసేశాను. రెండేళ్లు మాకు తోడుగా ఉన్న లైన్. దాని పక్కన నేను రాసిపెట్టిన పొడవాటి కామెంట్‌ని మాత్రం తీయలేదు. సర్వర్‌లో ఫైల్ ఎంతకాలం ఉండాలి, ఎందుకు ఉండాలి అన్నది అందులో ఉంది, కొత్తగా చేరేవాళ్లకి అదింకా కావాలి.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మధ్యాహ్నం కరెంటు పోయింది, బ్రాడ్‌బ్యాండ్ ఆగింది. ఒక చిన్న మార్పు ఆరోజే పంపాలి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి బిల్డ్ నడిపాను, దిగింది 220 ఎంబీ. నాన్న పక్కనే మంచం మీద కూర్చుని కోల్డ్ స్టోరేజీ బాండ్లు లెక్కపెట్టుకుంటున్నారు. సిద్దిపేట తమ్ముడికి మెసేజ్ పెట్టాను. "నాది కూడా హాట్‌స్పాట్ మీదనే అయింది అక్కా, పండుగకి ఊర్ల ఉన్న" అని జవాబు వచ్చింది. టెస్టులు పాసయ్యాయి, మార్పు పంపేసి ల్యాప్‌టాప్ మూశాను.